బ్యానర్ మీద ఉన్నది నేను కాదు

సభాధ్యక్షులు, మన మనస్తత్వశాస్త్ర శాఖాధిపతి గారికి, వేదిక మీది పెద్దలకు, కింద ఫోన్లు చూసుకుంటున్న మిత్రులకు, నా వెనక బ్యానర్ మీద చిరునవ్వు నవ్వుతున్న ఆ కళ్లజోడు పెద్దమనిషికి నమస్కారం. (నవ్వులు) “మన ప్రియతమ లైబ్రేరియన్ గారికి వీడ్కోలు” అని రాసి, పక్కన వేసిన ఆ ఫొటో నాది కాదు. బ్యానర్ వేయించినవాళ్లని ఏమీ అనకండి. పాపం, మన కంప్యూటర్‌లో లైబ్రేరియన్ అని వెతికారు, ఈయన దొరికారు.

కొత్తవాళ్లకి సంగతి చెప్పాలి. ఫలానా పని చేసేవాళ్లు ఫలానాలాగే ఉంటారని మనకే తెలియకుండా మన మనసులో పేరుకున్న అభిప్రాయాలను కొలిచే పరీక్ష ఒకటి మన శాఖ తయారుచేసింది. తెర మీద ఒక మొహం, పక్కన ఒక మాట వస్తాయి. జత కుదిరిందనిపిస్తే ఒక బటన్, లేదంటే ఇంకోటి. వేలు తటపటాయించిందా, మనసు దొరికిపోయినట్టే. గొప్ప పరీక్ష, కాదనను. దానికి ఫొటోలు కావాలని, వీధి చివర మాంసం కొట్టాయన్ని బతిమాలి తీసుకొచ్చారు. సన్నటి మనిషి, కళ్లజోడు, మెల్లగా మాట్లాడతారు. మన శాఖాధిపతి గారు ఆయన్ని ఎగాదిగా చూసి, “ఈయన కత్తి పట్టేవాడిలా లేడయ్యా, ఎవరూ నమ్మరు” అన్నారు. అంతలో పుస్తకాలు మోసుకుంటూ అటుగా వెళుతున్న నేను కనిపించేసరికి, ఆయన మొహం వెలిగిపోయింది! (నవ్వులు) సార్, మీరు కూడా నవ్వితే ఎలా, నాకు ఏప్రన్ కట్టింది మీరే కదా. మాంసం కొట్టాయన కత్తి నా చేతికి, నా పుస్తకం ఆయన చేతికి వచ్చాయి; ఫొటోల్లో నేను మాంసం కొట్టేవాణ్ణి, ఆయన లైబ్రేరియన్. మనుషుల దురభిప్రాయాలను పట్టుకునే పరీక్ష అలా పుట్టింది.

అప్పట్నుంచి ఆ పరీక్ష రాసొచ్చిన పిల్లలు పుస్తకం నా బల్ల అంచున పెట్టి వెనక్కి జరుగుతున్నారు. “కాస్త నవ్వుతూ ఉండొచ్చు కదండీ” అంది మా ఆవిడ. నవ్వి చూశాను. ఒకమ్మాయి పుస్తకం తీసుకోకుండానే వెళ్లిపోయింది. ఇదంతా మీకు నవ్వుతాలుగా చెబుతున్నాను గానీ, నాకు కష్టంగానే ఉండేది.

వెళ్లిపోతున్నాను కదా అని ఇవాళ పొద్దున మొదటిసారి ఆ పరీక్షకి నేనే కూర్చున్నాను. నా మొహం పక్కన “కఠినాత్ముడు” అని వచ్చింది, వేలు టక్కున నొక్కేసింది. తర్వాత మళ్లీ నా మొహమే, పక్కన “మెత్తని మనసు” అని ఉంది. (ఆగి) వేలు కదల్లేదండీ. నా గురించి నేనే ఆలోచించుకోవాల్సి వచ్చింది.

ఆ రెండు ఫొటోలూ మార్పిద్దామా అని ఈ సభకి వచ్చే దారిలో మాంసం కొట్టాయన్ని అడిగాను. “వద్దు సార్. ఆ పరీక్ష రాసిన పిల్లలు రోడ్డు మీద నాకు దణ్ణం పెడుతున్నారు” అన్నారు. సరే, ఆయన్ని అలాగే ఉంచండి. ఇవాళ ఉద్యోగం నుంచి రిటైర్ చేశారు, సంతోషం. ఆ తెర మీంచి కూడా నన్ను రిటైర్ చేయండి సార్, ఇంటికెళ్లి నా మొహం నేను మళ్లీ మొదట్నుంచి చూసుకోవాలి.

ఓపిగ్గా విన్నందుకు అందరికీ, ముఖ్యంగా బ్యానర్ మీది ఆయనకి కృతజ్ఞతలు. ఇక సెలవు.