దిగితే దిగినట్టే

నెల్లూరు. ఊరు చూపించే బస్సు, మేడ మీద ముందు సీటు. పొద్దున.

“మీరు దిగరా?”

“దిగను. మీరు?”

“నేనెందుకు దిగతానన్నా, హాయిగా ఉంటే.”

“వనజాక్షమ్మా, ఒక మాట చెప్తా, ఏమనుకోబాకండి. ఇంకేమన్నా అనండి గాని, అన్నా అని మాత్రం అనొద్దు.”

“నోటికి అలవాటైపోయింది. మార్కెట్లో చేపలు కొనేవాళ్లందర్నీ అన్నా అనే గదా పిలిచేది. మరి ఏమనాల?”

“అది మైపాడు బీచీ కాడికి పోయినాక తేలద్ది.”

“ఏమండీ, ముందు సీట్లో అక్కా, పెద్దాయనా. మిమ్మల్నే. ఇది దర్గా స్టాపు. అందరూ దిగినారు, మీరిద్దరే మిగిలినారు.”

“నువ్వెవరు నాయనా?”

“కండక్టర్నక్కా. బెన్హర్. మీ టికెట్టు సాయంకాలం దాకా పనిచేస్తది. యాడ కావాలంటే ఆడ దిగండి, తీరిగ్గా చూసుకోండి, తర్వాతొచ్చే బస్సెక్కండి. ఈ బస్సు పెట్టిందే అందుకు గదా.”

“తెలుసులే బెన్హరూ. మాకు ఇట్టా కూర్చోనుంటేనే బాగుంది.”

“చెరువు గాలి తగలద్ది పెద్దాయనా, దిగండి.”

“నా పేరు హజరత్తయ్య. ఈ దర్గాకి మొక్కుకున్నాకే మా అమ్మ నన్ను కనింది. నాకు ఈ చెరువేం కొత్త కాదు.”

“సరే, మీ ఇష్టం. ఊరు చూసేదానికి వచ్చి సీటు చూసుకోని పోతామంటే నేనేం చెప్పేది.”

“పోయినాడు. వనజాక్షమ్మా, మీకు దిగాలనుంది గదా? కూర్చున్న చోటే దణ్ణం పెట్టుకుంటా ఉంటే చూసినా.”

“దిగితే మా ప్రసాద్ చెప్పిన మాట ఏమవుద్ది?”

“ఏం చెప్పినాడు మీవాడు?”

“మీ అమ్మాయి మీకు చెప్పలేదా?”

“మీది చెప్పండి ముందు.”

“‘అమ్మా, హజరత్తయ్య గారు నచ్చకపోతే మొహాన చెప్పొద్దు. ఏదో ఒక స్టాపులో దిగిపో, ఆయనకి అర్థమవుద్ది. బీచీ దాకా ఇద్దరూ కూర్చోనుంటే మనువుకి ఒప్పుకున్నట్టే’ అన్నాడు.”

“మా రోజారమణి కూడా అచ్చం ఇదే చెప్పింది. ‘నాయనా, నచ్చలేదని నోటితో అంటే ఆమె బాధపడద్ది. గమ్మున దిగిపో’ అనింది. ఇద్దరూ కూడబలుక్కున్నారు.”

“ఊరంతా ఎక్కి దిగేదానికి పెట్టిన బస్సులో మనిద్దర్నీ కదలకుండా కూలేసినారు చూడండి.”

“కావల్లో యాడన్నా కూర్చోని మాట్లాడుకోమని ఉంటే సరిపోయేది.”

“కావల్లోనా? నన్ను తెలియని ఇల్లు ఉండాదా ఆడ? మీరు టీ తాగేలోపల మనకి పెళ్లైపోయిందని మార్కెట్టంతా చెప్పుకునేది.”

“అదీ నిజమే. మా పాళెంలో అయితే టీ కూడా తాగనీరు. వనజాక్షమ్మా.”

“ఏంది?”

“ఏం లేదు.”

“అట్టా మెలికలు తిరగతా ఉండారేంది?”

“పొద్దున రెండు చెంబులు మజ్జిగ తాగొచ్చినా. బోగోలు నుంచి వచ్చేటప్పటికి దప్పిక అవుద్దని.”

“అయితే?”

“అయితే ఏముంది. దిగాల.”

“దిగండి మరి. ఎవరొద్దన్నారు?”

“దిగితే నచ్చలేదని అర్థం గదా. దీనికోసం దిగితే లెక్కలోకి రాదు గదా?”

“ఏమో. దిగితే దిగినట్టే.”

“నవ్వబాకండి. రంగనాయకుల గుడి కాడ ఆపంగానే పోయి వచ్చేస్తా. ఇదిగో, నా తువ్వాల సీటు మీద వేసిపోతా. తువ్వాల ఉంటే నేనున్నట్టే.”

“సరే. బిరీన రండి.”

“అక్కా, పెద్దాయన దిగినాడు, మీరు గుడి చూడరా?”

“చూడను బెన్హరూ. తువ్వాలకి కాపలా ఉండా.”

“దేనికి?”

“నీకు అర్థం కాదులే. బస్సు ఎంతసేపు ఆగద్ది ఈడ?”

“అయిపోయిందక్కా. కదలబోతా ఉండాం.”

“కదలనీబాకు. ఆయన రాలేదు.”

“ఫర్లేదక్కా. వెనకాల ఇంకో బస్సు వస్తా ఉండాది. దాన్లో వచ్చేస్తాడు.”

“వద్దు. దీన్లోనే రావాల.”

“ఏందక్కా తొందర. ఆయన మీ ఇంటాయనా?”

“కాదు.”

“మీ అన్నా?”

“చాల్లే. అన్నేంది.”

“మరెవరు?”

“ఎవరో ఒకరు. సీటు మీద తువ్వాల వేసుంది, కనపళ్లేదా? తువ్వాల ఉంటే మడిసి ఉన్నట్టే. మడిసిని వదిలేసి బస్సెట్టా పోద్ది?”

“ఆర్టీసీ బస్సులో చెల్లద్ది ఆ లెక్క. ఈ బస్సులో సీట్లు ఎవరి సొంతమూ కాదక్కా.”

“నువ్వు డ్రైవరుకి చెప్తావా, నన్ను కిందకి పోయి చెప్పమంటావా? నేను చెప్తే బాగుండదు. హజరత్తయ్యా. ఓ హజరత్తయ్యా. పరిగెత్తు. బస్సు పోతా ఉండాది.”

“వస్తా ఉండా, వస్తా ఉండా. అమ్మయ్య. ఏం కేకలు వనజాక్షమ్మా, పూజ చేసే అయ్యవారు కూడా బయటికొచ్చి చూసినాడు.”

“ఇంతసేపా?”

“ఆడా క్యూ ఉండాది. నేనేం చేసేది? బెన్హరూ, ఇంక పోనీ.”

“పోనిస్తాలే పెద్దాయనా. ఈసారి తువ్వాల వేసిపోకుండా ఈ అక్కని కూడా తీసుకోని దిగు, నాకు తలనొప్పి తప్పద్ది.”

“ఏమన్నాడు బెన్హరు? తలనొప్పేంది?”

“ఏం లేదు. కూర్చోండి.”

“పేరు పెట్టి పిలిచినారు నన్ను.”

“మరేమని పిలిచేది? బస్సు పోతా ఉంటే.”

“నాలుగు వీధులకి వినపడింది. అంత గొంతుతో నన్ను పిలిచినోళ్లు లేరు.”

“మార్కెట్టు గొంతు. గట్టిగా ఉంటది.”

“బాగుంది. నేను మాత్రం వేరేగా అనుకున్నా. ఆ క్యూలో నిలబడి, బస్సు పోయుంటే మేలేమోలే, దిగే కష్టం ఆమెకి తప్పద్ది అనుకున్నా.”

“అంత తక్కువ చేసుకోబాకండి. నచ్చకపోతే దర్గా కాడే దిగిపోయేదాన్ని. నాకు మొహమాటం లేదు.”

“అంటే?”

“అంటే ఏముంది, ఊరు చూడండి. అదిగో పెన్న.”

“పెన్న యాడికి పోద్ది, రేపూ ఉంటది. మీరు ఇంకా ఏమన్నా అడగండి నన్ను.”

“ఇంట్లో వంటెవరు?”

“నేనే. మా ఆడమనిషి జబ్బు చేసి పోయినాక నేర్చుకున్నా. మొదట్లో నా పులుసు తిని మా అల్లుడు కావలి పోయి హోటల్లో తిన్నాడు. ఇప్పుడు అడిగి పెట్టించుకుంటాడు.”

“మామిడికాయ ఎప్పుడు వేస్తారు?”

“చేపముక్కతో పాటే.”

“చెడగొట్టినారు. పులుసు మరిగి దించబోయే ముందర వేయాల.”

“అట్టానా. మా అల్లుడు భయపడి చెప్పలేదేమో.”

“ఇంకొకటి అడగాల. సముద్రం మీద వేటకి ఇంకా పోతారా?”

“పోతా.”

“పిల్లకి పెళ్లి చేసినారు. అల్లుడికి ఉద్యోగం ఉండాది. ఇంకా ఎందుకు?”

“నాకు వచ్చిన పని అదొక్కటే వనజాక్షమ్మా. ఒళ్లు పనిచేసినన్నాళ్లు పోతా. మానేస్తానని చెప్పి మనువాడి, మర్నాడే వల భుజానేసుకోని పోతే ఏం బాగుంటది?”

“ఊ.”

“వనజాక్షమ్మా, ఇందుకూరుపేట దాటేసినాం. ఊ అంటే నేనేమనుకునేది?”

“మా ఇంటాయన ఎట్టా పోయినాడో తెలుసా మీకు?”

“సముద్రంలో అని మా అల్లుడు చెప్పినాడు.”

“నలుగురు పోయినారు పడవ మీద. ముగ్గురొచ్చినారు. ఆ పొద్దంతా ఒడ్డున కూర్చున్నా. మర్నాడూ కూర్చున్నా. అందరూ ఇంటికి రమ్మంటారు, నేను రాను. కాళ్ల కిందకి నీళ్లు వస్తా ఉండాయి, పోతా ఉండాయి, మడిసి మాత్రం రాడు. అప్పుడు లేచి కావలి వచ్చేసినా. మళ్లీ సముద్రం మొహం చూడలా.”

“చేపలు అమ్మతా ఉండారు గదా?”

“ఆటోలో తెప్పించుకుంటా. ఒడ్డుకి పోను. నవ్వబాకండి.”

“నవ్వలా.”

“మా ప్రసాదుకి తెలుసు. తెలిసే ఈ బస్సెక్కిచ్చినాడు, ఆఖరి స్టాపు సముద్రం అని. మొండోడు, వాళ్ల నాయన పోలికే.”

“దిగేవాళ్లెవరన్నా ఉండారా? ఇది సరుగుడు తోపు స్టాపు. దీని తర్వాత మైపాడు బీచీ, అంతే.”

“వనజాక్షమ్మా, లేస్తా ఉండారేంది?”

“దిగతా.”

“దిగితే...”

“తెలుసు.”

“వేట మానేస్తానని చెప్పుంటే కూర్చోనుండేదానివా?”

“అప్పుడు నిన్ను నమ్మేదాన్ని కాదు.”

“ఇంకేం నచ్చలేదో అదన్నా చెప్పి దిగు.”

“అన్నీ నచ్చినాయి. అదే గదా నా బాధ. ఎవరో మడిసి సముద్రం మీదకి పోతే నాకేం? నచ్చిన మడిసి పోతే మళ్లీ ఒడ్డున కూర్చోవాల. ఆ ఓపిక నాకు లేదు హజరత్తయ్యా. భయంగా ఉండాది.”

“అక్కా, దర్గా కాడ దిగమంటే దిగలా, గుడి కాడ దిగమంటే దిగలా, ఏమీ లేని తోపులో దిగతావా?”

“దిగతా. ఆపు.”

“బెన్హరూ, ఆగు. నేనూ దిగతా.”

“నువ్వెందుకు? నువ్వు కూర్చో. నువ్వు కూడా దిగితే నేను నీకు నచ్చనట్టు.”

“ఇద్దరం ఒకే తూరి దిగితే ఏందో పిల్లలు చెప్పలా. బెన్హరూ, ఈడ్నించి బీచీకి నడిచిపోవచ్చా?”

“తోపులోంచి బాట ఉండాది. అంతా ఇసక. బస్సు పోతా ఉంటే నడిచేదెందుకు పెద్దాయనా?”

“బస్సులో పోతే సముద్రం ఒక్కసారిగా ఎదురొస్తది ఈమెకి. నడిస్తే ముందు గాలొస్తది, తర్వాత చప్పుడు, ఆ తర్వాత గదా నీళ్లు. వనజాక్షీ, నీ కాలు యాడ ఆగితే ఆడే ఆగిపోదాం. వెనక్కొచ్చి ఇంకో బస్సెక్కుదాం.”

“ఆగిపోతే కోపం రాదా నీకు?”

“రాదు. వేట మాననని నేను చెప్పినా, ఒడ్డుకి రానని నువ్వు చెప్పినావు. ఇద్దరం నిజమే చెప్పుకున్నాం. నువ్వు ఏ రోజూ ఒడ్డుకి రావాల్సిన పని లేదు. పడవ దిగంగానే నేనే కావలి వచ్చి నీ చేపల బుట్ట ముందు నిలబడతా.”

“రోజూనా?”

“వేటకి పోయిన రోజల్లా.”

“స్నానం చేసి రా. నా బుట్టలో ఉండే చేపల వాసన చాలదా.”

“ఎక్కుతారా, దిగతారా? డ్రైవరు అరస్తా ఉండాడు.”

“దిగినాం బెన్హరూ. నువ్వు పోనీ.”

“మెల్లిగా నడువు. చెప్పులియ్యి, ఉత్త కాళ్లకి ఇసక కాలద్ది గాని నువ్వు జారవు.”

“గాలి మారింది.”

“ఆగుదామా?”

“ఇంకొంచెం.”

“ఇప్పుడు?”

“అడగబాకు. అడిగితే ఆగిపోతా. నువ్వు ముందు నడువు, నేను నీ వీపు చూసుకుంటా వస్తా.”

“నీ ఫోను మోగతా ఉండాది.”

“హలో. చెప్పు ప్రసాదూ.”

“అమ్మా, రోజారమణక్క ఇంటికాడ ఉండా. బీచీకి చేరినారా?”

“లేదురా. ముందు స్టాపులో దిగేసినా.”

“దిగేసినావా? అక్కా, అమ్మ దిగేసిందంట. అమ్మా, అక్క ఏడస్తా ఉంది. ఆయనేమైనాడు?”

“ఆయనా దిగినాడు.”

“ఇద్దరూ దిగేసినారా? ఒకరికొకరు నచ్చలేదా?”

“నీ తలకాయ. నా చెప్పులు కూడా చేత్తో పట్టుకోని ముందు పోతా ఉండాడు. ఏడుపాపమను ఆ పిల్లని.”

“ఏం వినపళ్లేదమ్మా. ఏందా చప్పుడు? బస్సు పక్కన నిలబడుండావా?”

“బస్సెప్పుడో పోయిందిరా. ఇది సముద్రం.”