ప్యాకింగ్ విభాగంలో పెట్టె పరీక్ష

నా వయసు ముప్పై ఎనిమిది. మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగాల దరఖాస్తులు చూసే గుమాస్తాను. ఇన్‌స్పెక్టరు గారూ, నేను కూర్చోలేను, నిలబడే చెబుతాను. మేనేజరు గారు బయట వరండాలో ఉన్నారు. ఆ తలుపు వేయించండి.

ప్యాకింగ్ పనికి ఆడవాళ్లను తీసుకునేటప్పుడు కడుపుతో ఉన్నారా అని అడగకూడదు. చట్టం ఒప్పుకోదు. చేరిన నాలుగు నెలలకే సెలవు పెడతారని మేనేజరు గారి బాధ. "పాము చావాలి, కర్ర విరగకూడదు. ఏం చేద్దామమ్మా?" అన్నారు. పెట్టె ఉపాయం నేనే చెప్పాను. ఆ ఉపాయం ఆయనదని ఇందాక మీతో అన్నాను, రాసుకుని ఉంటే అది కొట్టేయండి. నేల మీది అట్టపెట్టెను ఎత్తి బల్ల మీద పెట్టమంటాం. ఖాళీ పెట్టే. వంగడానికి వెనకాడినా, పొట్ట మీద చెయ్యి వేసుకున్నా దరఖాస్తు మూల మడిచేస్తాను. మడిచిన దరఖాస్తుకు ఉద్యోగం రాదు. రెండేళ్లలో పంతొమ్మిది మడిచాను.

మొన్న మంగళవారం పన్నెండు యాభైకి ఆఖరి మనిషి వచ్చింది. ఇరవై ఆరేళ్లు. ఇంతకుముందు రెండు చోట్ల ఇదే పని చేసింది. ఆ పూట గోదాము మనిషి మా ఖాళీ పెట్టె తీసుకుపోయి, అదే సైజు సిరప్ సీసాల పెట్టె అక్కడ దించాడు. నేను చూసుకోలేదు. కాలితో తోసినా తెలిసేది. ఆమె వంగి, ఆగింది. ఆగిందంటే కడుపుతో ఉందనుకున్నాను. బరువని తోచలేదు. "ఊఁ, కానివ్వమ్మా, భోజనాల టైమైంది" అన్నాను. రెండుసార్లు అన్నాను. పళ్లు బిగించి ఎత్తేసింది. బల్ల మీద సీసాలు గలగలమన్నాక గానీ నాకు తెలియలేదు. ఆమె నవ్వింది కూడా. ఒంటి గంటా అయిదుకి గేటు దగ్గర కూలబడింది. నాలుగో నెలట.

నిన్న ఉదయం మేనేజరు గారు ఫోన్ చేశారు. "తనంతట తనే ఎత్తిందని చెప్పు. నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు" అన్నారు. తనంతట తాను ఎత్తలేదు. నేను ఎత్తమన్నాను. ఆయనకీ తెలుసు.

సాయంత్రం నాలుగున్నరకు ఆసుపత్రికి వెళ్లాను. బిడ్డ దక్కలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. లేచి కూర్చుని మొహం తుడుచుకుంది.

"ఇప్పుడిక అడ్డేం లేదు కదక్కా, ఉద్యోగం ఇస్తారా?" అంది.

పైన రాసినదంతా నా నోటి మాటే. చదివి వినిపించారు, విన్నాను. నిజం. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. మొదటి సంతకం చెడింది, కింద మళ్లీ పెట్టాను.

(సంతకం)