కర్ర ఒగ్గేసిన సోములు

కర్ర సోములని ఒకడుండీవోడు మా రేవుదిబ్బలో. దిబ్బంటే పల్లెటూరనుకోకు, పట్నమే, రేవు పక్కన ఇల్లూ ఇల్లూ రాసుకునుండే పేట. ఆ సోములెనకాల ఓ పదిమంది కుర్రోల్లు తిరిగీవోరు. గెడ్డ, అదే కాలవ, దానవతల పేటకి కొండబాబని ఇంకోడు, ఆడికీ అంతే. ఆల్లిటొస్తే ఈల్లు కొట్టడం, ఈల్లటెల్తే ఆల్లు కొట్టడం. ఓపాలి సోములు కర్రతోటి కొట్టిన దెబ్బకి కొండబాబు తమ్ముడు కాలిరిగి కుంటోడైపోనాడు. అయినా సోములంటే మాకు పేణమనుకో. మొగుడు తాగొచ్చి కొడితే సోముల్ని పిలు, కుళాయికాడ ఎవులైనా అడ్డంగా దూరితే సోముల్ని పిలు. అన్నిటికీ ఆడే.

ఏమైందంటే, ఆడి పెల్లాం నూకరత్నం కడుపుతో ఉంది. గంజి పోస్తా పోస్తా అన్నాదంట, మావా, నా బిడ్డకి నాన్న కావాల, గోడమీద దండేసిన బొమ్మ కాదు, కర్రో నేనో తేల్సుకో అని. ఆడు లేసి, ఆ కర్ర ఇరిసి పొయ్యిలో ఎట్టేసినాడంట. ఆ పూట అన్నం దాంతోటే ఉడికిందనుకో. మర్నాటి నుంచి రేవులో ఐసు మొయ్యడానికెల్లిపోనాడు. మెచ్చుకోవాలా వొద్దా? మా దిబ్బోల్లు ఆడి గుమ్మం ముందు సేరి, ఒరే సోములూ, నువ్వు మంచోడివైపోతే మా గతేటిరా అని ఒకటే గోల!

సోములు కర్రొగ్గేసిన మాట గెడ్డ దాటిపోనాది. మిట్టమజ్జానం కొండబాబు మనుసుల్నేసుకుని ఇనప రాడ్లతోటి దిగిపోనాడు. సోములు కుర్రోల్లు పరిగెట్టుకొచ్చి, అన్నా ఇంద, పట్టుకో అని కొత్త కర్ర సేతికిస్తే, ఆడు పట్టుకోలేదు. ఉత్త సేతుల్తో ఈదిలోకెల్లి నిలబడ్డాడు. "నీ తమ్ముడి కాలు నేనే ఇరగ్గొట్టినాను కొండబాబూ. నీ పగ తీర్సుకో. ఇంట్లోకి మాత్రం రాకు, నా పెల్లాం బయపడతాది" అన్నాడు. కొండబాబు భుజం మీద ఒక్కటేసినాడు. సోములు కూలబడిపోనాడు, సెయ్యెత్తలేదు. నూకరత్నం గుమ్మంలోంచి కేకేసిందమ్మా, గెడ్డవతలకీ ఇనపడుంటాది.

కొండబాబు మల్లీ రాడ్డెత్తేసరికి, రొయ్యలమ్ముకునే సన్నేసమ్మ గంపక్కడే పడేసి మద్దిలోకి దూరిపోనాది. "కొడితే ముందు నన్ను కొట్టరా. ఈడి సేతికి కర్రిచ్చినోల్లం మేమే. ప్రెతి తగువుకీ ఈడ్ని పిల్సి, కొట్టొస్తే సెబాసన్నాం, మేమే" అంది. ఆ మాటకి ఆడోల్లందరం ఎల్లి సోముల సుట్టూ నిలబడ్డాం. కొండబాబు సూసినాడు, సూసినాడు, రాడ్డు దించేసి అరుగుమీద కూలబడ్డాడు. "మా పేటోల్లూ ఇంతేనే అమ్మా. నన్నూ ఇంటికాడ కూకోనివ్వరు" అన్నాడు. ఆ పెద్ద మనిసి కల్లంట నీల్లెట్టుకోడం అప్పుడే సూసినాను. తమ్ముడి కాలు మరి తిరిగొస్తాదా, రాదు. ఆ కోపం ఆడికి పూర్తిగా పోలేదు గానీ, గెడ్డ దాటి కొట్టడానికి మరి రాలేదు.

సోముల భుజం ఎముక అతుక్కుంది. ఇప్పుడు మా తగువులు మేమే తీర్సుకుంటన్నాం. కుళాయికాడ తగువు పొద్దున్న మొదలైతే మజ్జానానికీ తెగదు, అయినా బుర్రలు పగలట్లేదు గదా. మొన్న నా కోడలు నాతోటి దెబ్బలాడి, ఉండు, సోములన్నని పిల్సుకొస్తాను అంది. పిల్సుకోయే, ఆడొచ్చి ఇద్దరి మాటా ఇని, ఆవలించి ఎల్లిపోతాడు అన్నాను.