మూడో కమాను దగ్గర అడ్డకర్ర

హలో… ఆ, నేనేనండీ ప్రొఫెసర్ గారూ, ఒటీలియెని. ఎల్బె ఒడ్డున, బొమ్మలేసుకోడానికి మీకు కిటికీ గది అద్దెకిచ్చినదాన్ని… బాగానే ఉన్నాను. అంటే, ఉన్నాను.

లేదండీ, రొట్టెల కొట్లోంచి. మా ఇంట్లో ఫోనెక్కడిది?… కొట్టామె పక్కనే ఉంది. విననీండి. డ్రెస్డెన్ అంతా విన్నదేగా.

ఫోను చేయమని మీకు నేను కబురు పెట్టింది… ఆ, అందుకే. గురువారం కోర్టు. మా ఆయన మీదే, ఇంకెవరి మీద? వంతెన పరంజాకి మేస్త్రీ మా రైన్‌హోల్టే గదా. పనివాడు బ్రూనో ఏట్లో పడి పోయినచోట, మనుషులు జారకుండా కట్టే అడ్డకర్ర లేదట. మా ఆయన కట్టించనే లేదట. సాక్ష్యం ఏంటో తెలుసా? మీ బొమ్మ!

అవునండీ, మీ బొమ్మే. సగం కట్టిన వంతెనది. ప్రదర్శనలో ఉందిగా, ఫోటో తీసి జడ్జిగారి ముందు పెట్టారు. కింద మీ చేత్తో రాసిన తారీఖు, మే పదకొండు. బ్రూనో పోయిన రోజే. మూడో కమాను దగ్గర చూస్తే కర్ర లేదు.

మీరొచ్చి ఒక్క మాట చెప్తే చాలు… అందం కోసం బొమ్మలో ఆ కర్ర నేనే వదిలేశానని. నెల రోజులు మా కిటికీ దగ్గర నిలబడి సణగలేదూ, ఆ కర్ర వెలుగుకి అడ్డమొస్తోందని?

మీ పేరు పోతుందా? పోతే ఇంకో బొమ్మ వేసి తెచ్చుకుంటారు. మా ఆయనకి శిక్ష పడితే…

ఏంటండీ?

… లేదు, వింటున్నా.

వదిలేయలేదా?

… తెలుసండీ. ఉన్నదే వేస్తారు. కుదరకపోతే గీకేసి మళ్లీ వేస్తారు. ఎంత రంగు గీకి నా నేల మీద పోశారో నాకు తెలీదూ? తుడిచింది నేనేగా.

అయితే ఆ పొద్దున కర్ర నిజంగానే లేదంటారు.

కాదు, ఉండే ఉంటుంది. మా ఆయన ముడి ముడీ తడిమి చూసుకునే మనిషి. ఊరికే ఎందుకు తీస్తాడు?

నేనా? నేనేం చెప్పాను?

…

ఆ. అడిగారు. మీ ఆయన ఒక్క గంట ఆ కర్ర తీయిస్తాడేమో కనుక్కో అని. నేను నవ్వాను.

… చెప్పాను. రాత్రి బంగాళాదుంపలు వడ్డిస్తూ చెప్పాను. పాపం పెద్దాయన, ఎన్నాళ్లని గీక్కుంటాడు, ఒక్క గంటేగా అని. ఆయన తిని పడుకున్నాడు.

మర్నాడే కదూ… "వెలుగొచ్చింది ఒటీలియె!" అని కేకేశారు. నేను కాఫీ పోస్తున్నాను.

… ఆగండి. కాస్త ఆగండి.

ఆరు వారాలుగా అడుగుతున్నానండీ ఆ మనిషిని. కర్ర ఉందా, ఎవరైనా తీశారా, ఎవర్ని కాస్తున్నావు చెప్పు అని. కటకటాల అవతల గోడకేసి చూస్తాడు. తిట్టాను కూడా. నీకు పెళ్లాం కంటే వాడెవడో ఎక్కువైపోయాడా అని.

నన్నేనా ఆయన కాస్తోంది?…

వద్దు. ఓదార్పు వద్దు. అలిసిపోయానండీ, అది ఇప్పుడు నా తలకెక్కదు.

… లేదు, నేనిందాక అడిగిన మాట ఇప్పుడొద్దు. అందం కోసం వదిలేశానని అబద్ధం చెప్పక్కర్లేదు. కర్ర తీయించమని మీరే అడిగారని చెప్పండి. ఆ మాట మోసింది నేనని నేను చెప్తా. కోర్టులో బ్రూనో పెళ్లాం మొదటి బెంచీలోనే కూర్చుంటుంది. ఆవిడ మొహం చూస్తూనే చెప్తా. మీరూ చూద్దురు గాని.

… బెర్లిన్ ఎంత దూరమండీ, పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి దిగుతారు.

ప్రొఫెసర్ గారూ?

వస్తారా?… ఉన్నారా?… హలో?

…

లైను కట్టయిందమ్మా. లేదు, మళ్లీ కలపమనొద్దు. ఆయన విన్నాడు.

ఇదుగో నీ ఫోను. జడ్జిగారి ఆఫీసు ఎన్నింటిదాకా ఉంటుంది?… గురువారం దాకా ఎందుకమ్మా. ఇప్పుడే వెళ్తా.