పెట్టె కునుకు

ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చో, చెబుతాను. మీ పెద్దమ్మ ఏం చేసేదని కదా అడిగావు. చుక్కలు చూసేదని అందరూ అంటారు, అదీ సరైన మాట కాదు. మా అక్క జన్మలో దుర్భిణిలో కన్ను పెట్టలేదు. పగలంతా ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని, ఉపగ్రహం పంపిన గీతలు చూసేది. మా అమ్మకి అదో బెంగ. అడిగినవాళ్లకి ఏమని చెప్పుకోను అనేది. అక్క ఓసారి వంటింటి గట్టెక్కి కూర్చుని చెప్పింది. రెండు నక్షత్రాలమ్మా, జంట. ఒకటి చిన్నది, కానీ మహా బరువు. పక్కదాని ఒంటిమీది వాయువు లాగేసుకుంటుంది. లాగిందల్లా దాని చుట్టూ సుడి తిరిగి, కాగి, మెరుస్తుంది. మాకు తెలిసేది ఆ మెరుపే, పక్కనున్న తోడు కనబడదు అంది. అమ్మ గరిట ఆపి, తోడంటావు, తోడేస్తోందంటావు, ఏదో ఒకటి చెప్పవే అంది. అక్క పడీ పడీ నవ్వింది. తర్వాత ఎక్కడ ఉపన్యాసమిచ్చినా అదే మొదలు. మా అమ్మగారి సిద్ధాంతం అని.

ఏమంటున్నాను... ఆ, పెట్టె. ఉపగ్రహంలో ఆ మెరుపును గింజ గింజగా లెక్కపెట్టే పెట్టె ఒకటుండేది. దాన్ని చేసినాయన్ని పెట్టె మేష్టారనేవాళ్లు. మంచివాడే, నోరే కాస్త... పోనీలే. ఆ పెట్టె ఉన్నట్టుండి కాసేపు ఆగిపోయేది. దానికి ఆఫీసులో కునుకు అని పేరు. గీత కిందికి పడిందా, కునుకేలే అని ఆ ముక్క కోసి పారేసేవాళ్లు. అలవాటైపోయింది. అక్క ఆ పారేసినవన్నీ పోగేసుకుంది. చెత్తమ్మాయి అన్నారు. అననీ అంది. పోగేసి చూస్తే, ఒక జంటలో మాత్రం కునుకులు సరిగ్గా ఒకే ఎడంలో వస్తున్నాయి. పెద్దాయన, అంటే వాళ్ల డైరెక్టరు, ఆయన గదిలోకి వెళ్లి ఒకే ఒక్క మాట అడిగింది.

"కునుక్కి టైముంటుందాండీ?"

కనబడని ఆ తోడే మెరుపుకి అడ్డం వస్తోంది, అది గ్రహణం అని అక్క. పెట్టె మేష్టారు ఒప్పుకుంటేనా. నా పెట్టె నాకు తెలీదా అమ్మాయ్, అది మొదటినుంచీ మొద్దునిద్ర పెట్టే అన్నాడు. తను చేసినదానికి జబ్బుందని అంత గట్టిగా పోట్లాడిన మనిషిని నేనింకెక్కడా చూళ్లేదు. చివరికి పెద్దాయన తేల్చేశాడు. గీత మళ్లీ ఎప్పుడు పడుతుందో ముందే బోర్డు మీద రాయి. పడకపోతే ఆ జంట వైపు ఉపగ్రహాన్ని ఇక తిప్పేది లేదు అని. అక్కది ఏటేటా పొడిగించే ఉద్యోగం. ఆ జంట పోతే ఉద్యోగమూ పోయినట్టే. సుద్దముక్క తీసుకుని రాసింది. ఎప్పుడు పడుతుందో, మళ్లీ ఎప్పుడు లేస్తుందో కూడా. లేవడం ఎవరూ అడగలేదు, చూడు. అదీ మా అక్క.

ఆ రోజు నేనూ వెళ్లాను. గీత పడకపోతే ఏడుస్తుంది, ఇంటికి తీసుకొద్దామని, బయట బండి ఆపించి మరీ వెళ్లాను. గది నిండా జనం. తెర మీద గీత పాకుతోంది. రాసిన వేళకి, నూతిలోకి చేద జారినట్టు పడింది. నిద్రపోయిందండీ అన్నాడు మేష్టారు. అక్క లేవలేదు. వేలు మాత్రం చూపించింది. "నిద్రపోతే సున్నా ఉండాలి కదండీ. అడుగున గింజలు రాలుతున్నాయి, చూడండి." నిజమే, ఒకటీ అరా పడుతూనే ఉన్నాయి. పెట్టె మెలకువగానే ఉంది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, తెరకి మొహం ఆనేంతగా వంగాడు. చెప్పిన వేళకి గీత లేచి నిలబడింది. ముందు చప్పట్లు కొట్టింది ఆయనే. నా పెట్టెకి ఏ రోగమూ లేదయ్యా అని గది గదికీ చెప్పుకుంటూ తిరిగాడు, గెలిచింది తనే అయినట్టు.

తర్వాత ఆ గ్రహణాల లెక్కతోనే ఆ జంట బరువు తూచింది, ఇంకా ఎన్ని జంటల్నో. ఎక్కడెక్కడివాళ్లో వచ్చి, మీరు కోసి పారేసిన ముక్కలివ్వరూ అని అడిగేవాళ్లు. అదంతా పుస్తకాల్లో ఉంది, చదువుకో. నాకు గుర్తున్నది వేరు. బయట బండివాడు హారన్ కొడుతున్నాడు. జనం వెళ్లిపోయారు. ఇంటికి పోదామా అన్నాను. "అప్పుడేనా? ఇంకోటి పడుతుంది, ఉండవే. చూసి వెళ్దాం" అంది. ఉన్నాను. ఇద్దరమే. పడింది. ఈసారి చెప్పడానికి ఎవరూ లేరుగా, నా చెయ్యి పట్టుకుంది. లేచేదాకా వదల్లేదు. వేళ్లు నొప్పెట్టాయి...

నువ్వేదైనా తిన్నావా అసలు? లే, కాళ్లు కడుక్కునిరా.