కాడికి రెండో వైపు

త్లాది గొంతు సవరించుకున్నాడంటే అతని పెళ్ళాం మపులానే గుండెల్లో రాయి పడుతుంది. ఇవాళ మరీనూ. ఇవాళ ఆయన కోసే కోతల మీదే వాళ్ళ చేను ఆధారపడి ఉంది.

చలికాలం చివర వీచే ఆగస్టు గాలులు తగ్గాయి. పీచ్ చెట్లు పూశాయి, కొండల నెత్తిన మాత్రం మంచు ఇంకా కరగలేదు. మొదటి వాన పడి నేల మెత్తబడేసరికి మగాళ్ళంతా మొఖేతి దొడ్డిగోడ దగ్గర చేరి, జొన్నబీరు ముంత చేతులు మారుస్తూ దుక్కి జతలు కుదుర్చుకుంటున్నారు. నాగలికి నాలుగు ఎద్దులు కావాలి. మొఖేతివి రెండు, లెబెకోది ఒకటి తేలాయి. నాలుగోది ఎవరు కడితే వాళ్ళ చేను కూడా వంతులో దున్నుతారు. ఎద్దు కట్టనివాడి చేను బీడే. త్లాదికి ఉన్నది ఖుబేలు, అంటే వాళ్ళ మాటలో ఎరుపు, అనే ముసలెద్దు ఒక్కటే. పేరుకి తగ్గట్టు ఎర్రటిది, ఒక కొమ్ము విరిగింది, అందరూ ఎర్రోడనే అంటారు. అది దండగ, కొండవతల మా బావమరిది కోడెను తెద్దామని లెబెకో పొద్దుట్నుంచీ మొఖేతి చెవిలో ఊదుతూనే ఉన్నాడు.

మపులానే మొఖేతి ఇంటిగోడకి పేడమట్టి మెత్తడానికి సాయం వచ్చింది. మోచేతులదాకా మట్టి. చేతులు గోడ మీదున్నా చెవులు దొడ్డి దగ్గరే ఉన్నాయి. ఎద్దుల సంగతిలో ఆడదాని మాట చెల్లదు. ఆడది ఎద్దుల్ని తోలితే మంద నాశనమైపోతుందని ఆ ఊళ్ళో పసిపిల్లకీ తెలుసు. అందుకే నోరు కట్టుకుని మెత్తుతోంది.

"మా ఎర్రోణ్ణి వద్దనే మొగాడు ఈ లోయలో ఇంకా పుట్టలేదు," అన్నాడు త్లాది. ఎండెక్కి అందరూ కప్పుకున్న కంబళ్ళు తీసి గోడ మీద పడేసినా ఆయన మాత్రం భుజాన పిన్ను పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఎంత ఎండలోనూ తియ్యడు. "పెద్ద మంచు పడ్డ ఏడాది గుర్తుందా? వాడి జతగాడు నల్లోడు నిలువునా గడ్డకట్టి చచ్చాడు. ఊళ్ళో సగం మంద పోయింది. ఎద్దు అప్పిచ్చే నాథుడు లేడు. ఇంట్లో ఏమో మా కూతురు పులానే పాలు తాగే పిల్ల. అప్పుడు నా చేను ఎవరు దున్నారు? ఎర్రోడు. ఒక్కడే."

"ఒక్కడే?" అన్నాడు లెబెకో.

"ఒక్కడే. ముంత ఇటివ్వు. ఒక్కడే అంటే మామూలుగా కాదు, తెల్లారి కాడి వేశానా, మధ్యాహ్నానికి నా చేను అయిపోయింది. ఆగరా అంటే ఆగడే. గట్టు దాటి నీ చేను కూడా దున్నేశాడు లెబెకో, ఆ ఏడు నీకు జొన్న అంత బాగా పండిందెందుకనుకున్నావు? నీ గొప్పనుకున్నావా?"

నలుగురూ నవ్వారు. లెబెకో నవ్వలేదు. మపులానే ఒక ముద్ద మట్టి తీసి గోడకేసి గట్టిగా రాసింది. ఇక్కడాపేస్తే బాగుణ్ణు, ఎవరైనా నమ్మినా నమ్ముతారు. ఆయన ఆపుతాడా? పెళ్ళైన నాటినుంచీ ఆపలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మీ చేలు అయిపోయాక కొండెక్కాడు. రాళ్ళు, అన్నీ రాళ్ళే. నాగలి కింద రాళ్ళు నలిగి పిండైపోతుంటే వెనకాల ఆడవాళ్ళు జల్లెళ్ళు పట్టుకుని పరిగెత్తారు. అక్కణ్ణుంచి ఏట్లోకి దిగాడు. నీళ్ళు ఇటూ అటూ చీలిపోయి, ఏరు కాస్తా మా చాలు చూసి ఇదే నా దారి కాబోలనుకుని మా వెనకాలే వచ్చేసింది. చేపలు నా బూట్లలో దూరాయి. ఆ పూట ఇంటికెళ్ళి వేయించుకు తిన్నాం. కావాలంటే మపులానేనడగండి."

ఎవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆమెకీ తెలీదు.

"ఏరు దాటితే పొరుగుదేశం కదన్నా, సరిహద్దు దగ్గర పట్టుకోలేదూ?" అన్నాడొకడు.

"పట్టుకోకేం. నా పాస్‌పోర్టు చూసి సరేనన్నారు, ఎర్రోడిది ఏదీ అన్నారు. వాడు కాలెత్తి ఆ బల్ల మీద గిట్టతో ముద్ర కొట్టాడు. నోరు మూసుకుని గేటు తీశారు. వచ్చేటప్పుడు అసలు కొండ చూడండి, శిఖరం మీద ఇంత మంచు. దాన్నీ దున్నాడు. దున్నుతుంటే మబ్బొకటి కిందికొచ్చి వాడి కొమ్ముకి తగులుకుంది. వాడు లాగుతాడు, మబ్బు రాదు. వాడు లాగుతాడు, మబ్బు రాదు. ఆఖరికి ఫట్‌మని కొమ్ము విరిగింది, మబ్బు చిరిగింది, అప్పుడు పడింది వాన. ఆ వానకే మీ అందరి గింజలూ మొలిచాయి. ఇంత చేసినవాణ్ణి పట్టుకుని ముసలిదంటారా? మీ నలుగురి ఎద్దులూ కలిపినా మా ఎర్రోడి తోకకి సరిరావు. ఏం చేసుకుంటారో చేసుకోండి, నాలుగోవాడు ఎర్రోడే."

మొఖేతి కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ముంత లెబెకో చేతికొచ్చింది. వాడు తాగకుండా కింద పెట్టాడు.

"అన్నా, అన్నీ ఒప్పుకున్నాను. ఏరొచ్చింది, మబ్బు చిరిగింది. ఒక్క ముక్క చెప్పు. కాడికి రెండు వైపులుంటాయి. ఒక వైపే ఎద్దుని కడితే కాడి తిరగబడి దాని మెడ విరుగుతుంది. ఒక వైపు ఎర్రోడు. రెండో వైపు ఎవరు?"

త్లాది నోరు తెరిచాడు. చెయ్యి ఊరికే భుజం మీది కంబళి సర్దుకుంది.

"గాలి," అన్నాడు చివరికి.

"సరే, ఈ ఏడు కూడా గాలినే కట్టుకో," అన్నాడు లెబెకో. దొడ్డిగోడ అదిరేలా నవ్వారు. మొఖేతి నవ్వు ఆపుకుని, పాపం, కాస్త మెత్తగానే, "త్లాదీ, ఏమీ అనుకోకు. ఈ ఏడాదికి లెబెకో బావమరిది కోడెనే..." అంటుండగా మపులానే చేతిలోని మట్టి కింద పడేసింది.

మగాళ్ళ మధ్యకి వచ్చి నిలబడింది. మోచేతుల నుంచి పేడమట్టి కారుతోంది.

"రెండో వైపు ఈయన," అంది.

"ఊరుకోవే," అన్నాడు త్లాది.

"ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. చేను బీడు పడుతుంటే ఇంకా ఊరుకోమంటావా?" మట్టిచేత్తోనే ఆయన కంబళి పిన్ను లాగేసింది. కంబళి జారింది. మెడకీ భుజానికీ మధ్య పాత కాయ, నల్లగా, తోలులా మొద్దుబారి ఉంది. ఎద్దుల మెడల మీద అలాంటివి రోజూ చూసేవాళ్ళే అక్కడున్నవాళ్ళంతా. ఎవరూ నవ్వలేదు.

మొఖేతి లేచి దగ్గరికొచ్చి చూశాడు. "మరి నాగలి మేడి ఎవరు పట్టారు?" అన్నాడు నెమ్మదిగా.

త్లాది తల దించుకున్నాడు. అందుకే కదా ఇన్నేళ్ళ నుంచీ ఏర్లనీ మబ్బుల్నీ అడ్డం పెట్టుకొచ్చాడు. తన భుజం సంగతి చెబితే పెళ్ళాం చెయ్యి సంగతి బయటపడుతుంది.

"నేనే పట్టాను," అంది మపులానే. "వీపున పులానేని కట్టుకుని మేడి పట్టాను, చర్నాకోలా పట్టాను. ఆడది ఎద్దుని తోలకూడదని నాకూ తెలుసు. తోలాను. మంద నాశనం కాలేదు, ఎర్రోడు ముసలాడయ్యేదాకా బతికాడు. ఆ పంట తిని నా పిల్ల బతికింది. తప్పంటే తప్పే. ఇప్పుడు తోలమన్నా తోలతాను."



"ఇంకో మాట కూడా చెప్తాను," అంది. "ఆ ఇద్దరిలో చెప్పినమాట విన్నది ఎర్రోడే. ఈయన్నే రెండుసార్లు కొట్టాల్సొచ్చింది. లాగమంటే లాగకుండా పక్కన ఎద్దుకి కబుర్లు చెప్తూ కూర్చున్నాడు."

ముందు మొఖేతే నవ్వాడు. కింద పడ్డ కంబళి తీసి, దుమ్ము దులిపి, తన చేత్తోనే త్లాది భుజాన వేశాడు. ఆ ఊళ్ళో అంతకు ముందు త్లాదికి అలా ఎవరూ చెయ్యలేదు.

"తెల్లారి ఎర్రోణ్ణి తోలుకురా," అన్నాడు. "ముందు మీ చేనే దున్నుదాం."

లెబెకో ఇంకా వదల్లేదు. "అంతా బాగానే ఉంది వదినా, ముసలెద్దు. చాలు మధ్యలో కూలబడితే ఏం చేస్తాం?"

మపులానే అప్పటికే గోడవైపు తిరిగింది, మట్టి ఆరిపోతోందని. ఆగి, మొగుడివైపు ఒకసారి చూసింది.

"కూలబడితే ఏముంది," అంది. "రెండోది ఇక్కడే ఉందిగా."