ఊపిరి పీల్చుకునే అరగంట

మా వార్డు నర్సు పొట్టిదానికి అన్యాయం జరిగింది పోయిన నెల, మార్చి ఆఖరి శుక్రవారం నాడు, మీటింగు హాల్లో, అందరి ముందూ. చేసింది సూపరింటెండెంటు గారొక్కరే అనుకుంటున్నావేమో, కాదు. కూర్చో చెప్తాను. ఆ స్టూలు మీద కాదు, దానికి ఒక కాలు ఊగుతుంది. ఇదిగో, ఈ దుప్పట్ల మూట మీద కూర్చో. ఉతికినవేలే.

కాగితాలు తర్వాత తీద్దువుగాని. ఎనిమిది వారాల సాధన అయిపోయిన కొన్నాళ్ళకి మళ్ళీ ఓసారి అడగాల్సిన ప్రశ్నలు, అంతేగా? "గత వారంలో మీకు ఎన్నిసార్లు నిస్సహాయంగా అనిపించింది?" అదేగా మొదటిది? ఎన్నడూ లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎల్లప్పుడూ. నా మనసుని పట్టుకొచ్చి నాలుగు గళ్ళలో ఒకదాంట్లో కూర్చోబెట్టిందానివి నువ్వొక్కదానివే. కట్టుకున్నవాడి వల్ల కూడా కాలేదు ఆ పని.

నవ్వు, పర్లేదు. నువ్వు మొట్టమొదటి ఇంజెక్షను చేసింది ఈ వార్డులోనే కదూ? వెనకాల నించుని నీ మోచెయ్యి పట్టుకుందెవరు? ఆ చనువుతో మాట్లాడుతున్నాను. వేరేవాళ్ళయితే చకచకా టిక్కులు పెట్టి పంపేసేదాన్ని.

డిసెంబర్లో ఎంత ముచ్చటగా వచ్చావమ్మా! నర్సుల ఆరోగ్యపు అలవాట్లు, వాళ్ళ మానసిక స్థితి. నర్సుల గురించి ఒక నర్సే చేస్తున్న పరిశోధన. నా చేతి కింద పని నేర్చుకున్న పిల్ల చేస్తోందని వార్డంతా చాటింపు వేశాను. నీళ్ళెన్ని తాగుతున్నారు, నిద్ర ఎంత, నడక ఎంత అని మొదట అడిగావు. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం అరగంట శ్వాస సాధన. చివర్లో మనసులు కుదుటపడ్డాయో లేదో కొలుస్తానన్నావు. బాగానే ఉంది.

మేమంతా వంతులవారీగా వెళ్ళి చాపల మీద పడుకుంటే ఇక్కడ మంచాల మీద ఉన్నవాళ్ళని ఎవరు చూస్తారే అని అడిగాను, గుర్తుందా? అప్పుడు నువ్వే పైవాళ్ళ చుట్టూ తిరిగి, బతిమాలి, ఒక నర్సుని ఇప్పించావు. నీ ఎనిమిది వారాలకి మాత్రమే. అరగంట కోసం ఎవరూ మనిషిని పంపరు కాబట్టి ఆమె పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉండేది. డ్యూటీ పట్టికలో పేరుకి బదులు "ఎక్స్‌ట్రా" అని రాశారు, అదే ఆమె పేరైపోయింది. భారీ మనిషి. చెప్పులు టపటపలాడించుకుంటూ నడిచేది. ఆ చప్పుడు వినపడితే చాలు, మంచాల మీదివాళ్ళు బెల్లు కొట్టడం మానేసేవాళ్ళు. వస్తోందిలే అని.

మరి చాపల గది సంగతి? నువ్వు చెప్పవు, నేనే చెప్తాను.

పాత సామాన్ల గది ఊడిపించి చాపలు పరిచావు. ఫోన్లోంచి ఒక ఆడగొంతు, తేనె పూసినట్టుగా: "మీ ఊపిరిని గమనించండి... లోపలికి... బయటికి..." గమనించారా ఎవరైనా? మూడో ఊపిరికే పొట్టిది గుర్రు. నాలుగోదానికి మిగతావాళ్ళు. ఒకర్తి కూర్చుని డబ్బా విప్పుకుని తినేది. ఇంకొకర్తి బాత్రూముకి వెళ్ళి, హాయిగా, ఎవరూ తలుపు కొట్టకుండా, ఉన్నంతసేపు ఉండి వచ్చేది.

తలుపు సందులోంచి చూశానే పిల్లా నేను. నువ్వు వంగి ఫోను సౌండు తగ్గించావు. పొట్టిదాని కాళ్ళ మీద నీ చున్నీ కప్పావు. ఇది మనపిల్ల అనుకున్నాను ఆ రోజు. అందరూ హాజరని రాశావు, అందులో అబద్ధమేముంది? హాజరయ్యారు, నిద్రపోయారు.

పొట్టిది అంతకు ముందు ఎలా ఉండేదో నీకు తెలీదు. సెలైన్ సీసా తగిలించాలంటే దానికి పీట కావాలి, అంత మనిషి. డ్యూటీలో చుక్క నీళ్ళు ముట్టేది కాదు. ఎందుకంటే, తాగితే బాత్రూముకి వెళ్ళాలి, అది వరండా ఆ చివరుంది, వచ్చేలోపు ఎవరికేమవుతుందోనని భయం. డబ్బా విప్పకుండానే ఇంటికి పట్టుకెళ్ళేది. "మా వీధి కుక్క నా మీదే బతుకుతోందక్కా, నేను ఉద్యోగం మానేస్తే దానికి దిక్కెవరు?" అని జోకులొకటి. ఇంట్లో పిల్లలు మాట్లాడితే ఏడుపొచ్చేస్తోందనేది, మాట్లాడకపోయినా ఏడుపొచ్చేస్తోందనేది.

ఎక్స్‌ట్రా వచ్చాక నీళ్ళు తాగింది, తల్లీ. కూర్చుని తింది. రెండో వారానికి సూపరింటెండెంటు గారి నడక నడిచి చూపించి వార్డునంతా నవ్వించింది, కుట్లు పడినావిడ పొట్ట పట్టుకుని "చాలు సిస్టర్, ఊడిపోతాయి" అని దణ్ణం పెట్టింది. నీ కాగితం మీద "ఎన్నడూ లేదు" అని టిక్కు పెట్టింది. నిజమే పెట్టింది అప్పుడు.

ఎనిమిది వారాలయ్యాయి. నీ ప్రశ్నలయ్యాయి. ఎక్స్‌ట్రా వెళ్ళిపోయింది.

ఆ మర్నాడే పొట్టిదాని డబ్బా మళ్ళీ కుక్కకి వెళ్ళింది.

ఎక్స్‌ట్రాని మాకే ఉంచెయ్యమని నేను అర్జీ పెట్టుకున్నాను. నువ్వు మీటింగులో నీ ఫలితాలు చూపించబోతున్నావని తెలిసి ఎంత సంబరపడ్డానో! మన అమ్మాయి చెప్తుంది, వాళ్ళు వింటారు, ఇంక అడ్డేముంది అనుకున్నాను. మంచి చీర కూడా కట్టుకొచ్చాను, సిగ్గు లేకపోతే సరి.

మా మనసులు ఎంత కుదుటపడ్డాయో గోడ మీద గీత వేసి చూపించావు. కింద నుంచి పైకి లేచిన గీత. అది లేచిన చోటల్లా నాకు ఆ చెప్పుల చప్పుడు వినపడుతోంది. నీ నోట్లోంచేమో "క్రమం తప్పని శ్వాస సాధన వల్ల" అని వచ్చింది.

సూపరింటెండెంటు గారు చప్పట్లు కొట్టారు. "మరింక అదనపు మనుషులెందుకమ్మా? ఊపిరి అందరికీ ఉన్నదే కదా!" అన్నారు. హాలంతా నవ్వింది. నా అర్జీ ఆ నవ్వులోనే పోయింది.

అప్పుడు లేచింది పొట్టిది. లేచినట్టు వెనక వరసలవాళ్ళకి తెలియలేదు పాపం, కూర్చున్నా నించున్నా ఒకటే ఎత్తు. డాక్టరు గట్టిగా దగ్గితేనే తడబడే మనిషి, అంతమందిలో నోరు విప్పింది. "సార్, అప్పుడు మాకు ఎక్స్‌ట్రా ఉండేది సార్."

"ఎక్స్‌ట్రా ఏంటమ్మా?"

ఆ మనిషికి ఇంకో పేరు తెలీదే దానికి! ఆయన మెత్తగా అన్నారు, "సాధన మానేసినట్టున్నావు, మొహం చూస్తేనే తెలుస్తోంది. సాకులు వెతుక్కోకు. రోజుకి రెండుసార్లు చెయ్యి తల్లీ, నీలో మార్పు నీకే తెలుస్తుంది." తిట్టలేదు. ప్రేమగానే అన్నారు. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టుకుని పడి ఉండేవాళ్ళం.

పొట్టిది నీ వంక చూసింది. నువ్వు చెప్తావని.

నువ్వు లాప్‌టాప్ వైరు చుట్టుకుంటున్నావు. తెగ చుట్టావమ్మా, అంత పొడుగు వైరు నేనెక్కడా చూడలేదు.

తల దించుకోకు. నీ బాధా నాకు తెలుసు. నీ పరిశోధనకో గైడు, ఆయన మీద ఇంకొకరు. ఎక్స్‌ట్రా నీ లెక్కలో లేదు. నీళ్ళకి గడి ఉంది, నిద్రకి గడి ఉంది, ఆవిడకి గడి లేదు. ఏమన్నావు? నీ పరిశోధన పత్రం చివర్లో "పరిమితులు" అని ఒక భాగం ఉంటుందా? అందులో ఒక వాక్యం రాస్తావా? రాయి. నేనూ చదువుతానే అలాంటివి, డిక్షనరీ పక్కన పెట్టుకుని, ముక్క ముక్క కూడబలుక్కుని. ఆ భాగం దాకా వచ్చేసరికి నాకే నిద్రొస్తుంది. సూపరింటెండెంటు గారు చదువుతారా?

ఇటురా. ఈ తలుపు అద్దంలోంచి చూడు. పొట్టిది మందుల ట్రే దగ్గర నించుంది కదా, కళ్ళు మూసుకుని? ప్రార్థన కాదు. ఊపిరి లోపలికి. ఆపింది. చూడు, పెదాలు కదుపుతోంది, లెక్కపెట్టుకుంటోంది. ఈలోగా ఆ కిటికీ పక్కావిడ పిలుస్తోంది. అయిపోయింది, లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి.

రోజంతా ఇదే. బస్టాపులో చేస్తుందట, మెట్ల మీద చేస్తుందట, పిల్లలకి అన్నం పెడుతూ చేస్తుందట. నిన్న ఈ గదిలోనే, ఇదిగో నువ్వు కూర్చున్న మూట మీదే కూర్చుని ఏమందో తెలుసా? "ఊపిరి తీసుకోవడం కూడా సరిగ్గా రాదక్కా నాకు. అందరికీ పని చేసింది, నాకే చెయ్యట్లేదు. నాలోనే ఏదో లోపముంది."

నేను చెప్పానమ్మా! గొంతు చించుకుని చెప్పాను. నీ లోపం కాదే, ఎక్స్‌ట్రా లేకపోవడమే అని. వినదు. "పరిశోధనలో తేలిందటక్కా" అంటుంది. దానికి నా మాట కంటే నీ గీత మీద నమ్మకం. ముందు వట్టి అలసట ఉండేది దానికి. ఇప్పుడు అలసట, దాని మీద తప్పు చేశానన్న బెంగ. ఆ రెండోది మనమిచ్చింది. సరే, నువ్వే ఇచ్చావు. నేను నిన్ను వార్డులోకి రానిచ్చాను.

అందుకే ఆ కాగితం దానికివ్వొద్దంటున్నాను. ఇస్తే ఏం పెడుతుందో నన్నడుగు. మళ్ళీ "ఎన్నడూ లేదు" అనే పెడుతుంది. నీ పరీక్షలో తప్పుతానేమోనన్న భయంతో పెడుతుంది. నీ గీత ఇంకా పైకి లేస్తుంది.

ఒక పని చేస్తావా? నువ్వూ నర్సువేగా. ఆ కోటు తగిలించుకుని, ఒక్క అరగంట, ఆ ట్రే నువ్వు పట్టుకో. దాన్ని ఇక్కడికి పంపు. ప్రశ్నలొద్దు, తేనెగొంతులొద్దు. డబ్బా విప్పి తింటుంది. ఈ మూట మీద ఒరుగుతుంది. తలుపు నేను చూసుకుంటాను.

... వాచీ చూసుకుంటున్నావు.

అవును. నిజమే. బయటి మనిషివి, వార్డులో పేషెంట్ల మీద చెయ్యి వెయ్యడానికి నీకు అనుమతి లేదు. ఏమన్నా తేడా వస్తే నీ చదువు, నా ఉద్యోగం రెండూ పోతాయి. నేనే తొందరపడ్డాను. నువ్వు ఊఁ అన్నా నేనే ఆపి ఉండేదాన్నేమో, పెద్ద సిస్టర్ని కదా. కోపం నీ మీద కాదు. ఎవరి మీదో తెలిస్తే వెళ్ళి కడిగేసి రానూ? పైవాళ్ళని అడిగితే ఇంకా పైవాళ్ళంటారు. నా నోటికి ఈ ఆసుపత్రంతా జడుస్తుంది. అయినా ఒక్క మనిషిని, ఒక్క అరగంట కూర్చోబెట్టలేకపోయింది ఈ నోరు.

తే, నా కాగితమిలా తే. మొదటి ప్రశ్నకి "ఎల్లప్పుడూ". రెండోదానికీ అదే. మిగతావి నీ ఇష్టమొచ్చినట్టు పెట్టుకో, నేనేమీ అనుకోను.

బెల్లు మోగుతోంది, వెళ్ళాలి. నువ్వూ వెళ్ళు, మీ గైడు ఎదురుచూస్తుంటారు. ఆ ఒక్క వాక్యం రాస్తానన్నావు చూడు, అందులో తారీకులైనా సరిగ్గా వెయ్యి. ఎక్స్‌ట్రా మా వార్డులో అడుగుపెట్టింది జనవరి ఆరు, సోమవారం. ఆఖరి డ్యూటీ ఫిబ్రవరి ఇరవై ఎనిమిది, శుక్రవారం.